‘మేం టైపే చేసినం’ అంటే చెల్లుతదా?

తెల్లారి లేస్తే ‘గోబెల్స్ ప్రచారం’ అనే మాట వినకుండ మనకు పొద్దు గడువదు. అధికారంలో ఉన్నోడు ప్రతిపక్షాన్ని అంటడు. ప్రతిపక్షపోడు అధికారంలో ఉన్నోన్ని అంటడు. ఉద్యమ కాలంలో మేం కూడ ఎన్నోసార్లు అన్నం. గోడల మీద రాసినం, కరపత్రాల మీద అచ్చేసినం. అబద్ధాన్ని పదిసార్లు చెప్పి నిజం చేసేటోనికి తెలుగు పత్రికల్లో గోబెల్స్ అని పేరు పడ్డది. బాగనే ఉన్నది. కాని ఒక ప్రశ్న మాత్రం మనం ఎన్నడూ అడుగలేదు. గోబెల్స్ దఫ్తర్లో అబద్ధాలను టైపు కొట్టింది ఎవరు?

అబద్ధం నోట్లె పుడితే పుట్టొచ్చు. నోటితోనే అది ఊరు దాటదు. దానికి కాయితం కావాలె. కాయితం మీద అంకెలు కావాలె. ఫైలు నంబర్ కావాలె. పత్రికల దఫ్తర్లకు ఫోన్ చేసి ‘సార్ పంపమన్నరు, మొదటి పేజీలో చూసుకోండి’ అని చెప్పే మనిషి కావాలె. ఆ మనిషి అధికారి గది బయట, తలుపు పక్కన, చిన్న టేబుల్ ముందు కూసుంటడు. పీఎస్ అంటరు, పీఏ అంటరు, స్టెనో అంటరు. మొత్తంగ కలిపి పేషీ అంటరు. సమాచార శాఖలో పెద్ద సారుకు ఏం తెలుసో అది పేషీకి ఒక నిమిషం ముందే తెలుస్తది. కాని రేపు ఎవరైన నిలదీస్తే మొట్టమొదట ‘మాకేం తెల్వదు’ అనేది కూడ ఆ పేషీయే!

మన ఊర్లల్ల ముసలోళ్ళకు ఈ సంగతి ఎరుకే. దొర నోరు తెరిచి ‘ఆ చెల్క నాది’ అన్నంత మాత్రాన చెల్క దొరది కాలేదు. పట్వారి పహాణీలో రాసినంకనే అయింది. గడి ముందట ‘బాంచెన్’ అన్నోడు లోపల దొరను ఎంత తిట్టుకున్నడో పట్వారి కలాన్ని గూడ అంతే తిట్టుకున్నడు. జనానికి ఉన్న ఆ తెలివి సర్కారు దఫ్తర్ల దాక వచ్చేసరికి మనకు ఎటు పోయింది? మంత్రిని తిడుతం, కమిషనర్‌ను తిడుతం. పేషీలో కూసున్నోన్ని మాత్రం ‘పాపం, వాడేం జేస్తడు’ అని వదిలేస్తం.

అందుకే గోబెల్స్ పేషీలో కూసున్న ఒక మనిషి కథ చెప్తం. ఆ తర్వాత మన కథ చెప్తం.

సాదాసీదా కొలువు

ఆమె పేరు బ్రున్‌హిల్డె పోమ్సెల్. 1911 జనవరి 11న బెర్లిన్‌లో పుట్టింది. 2017 జనవరి 27న మ్యూనిక్‌లో చనిపోయింది. 106 ఏండ్లు బతికింది. 1942 నుంచి 1945లో యుద్ధం ముగిసేదాక హిట్లర్ ప్రచార మంత్రి యోసెఫ్ గోబెల్స్ కార్యాలయంలో సెక్రటరీగ, స్టెనోగ పనిచేసింది. నూరేండ్లు నిండినంక గాని ఆమె పత్రికల ముందు నోరు విప్పలేదు. 2016లో ఆమె మాటల మీదనే ‘ఒక జర్మన్ జీవితం’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఆమె గురించి చదివేటప్పుడు ఏదో రాక్షసి కనబడుతదనుకున్నం. కనబడ్డది మన పక్క టేబుల్ మీద కూసునే మనిషి.

హిట్లర్ గద్దెనెక్కక ముందు ఆమె సగం పూట ఒక యూదు యజమాని దగ్గర కొలువు చేసింది. ఇంకో సగం పూట వుల్ఫ్ బ్లై అనే నాజీ రచయితకు టైపు కొట్టింది. ఇద్దరి దగ్గరా జీతం తీసుకున్నది. 1933లో నాజీ పార్టీ సభ్యత్వం తీసుకున్నది. సిద్ధాంతం మీద మోజుతో కాదు. ప్రభుత్వ రేడియోలో కొలువు కావాలంటే పార్టీ కార్డు ఉంటే మంచిదన్నరు, తీసుకున్నది. రేడియోలో ఆమె కంటే వేగంగ టైపు కొట్టేటోళ్ళు లేరు. ఆ వేగమే ఆమెను 1942లో ప్రచార మంత్రిత్వ శాఖకు తీసుకపోయింది. జీతం 275 మార్కులు, దాని మీద పన్ను లేని భత్యాలు. ఆమె దోస్తులతో పోలిస్తే అది పెద్ద సొమ్ము. మంచి ఫర్నిచర్, మంచి బట్టలు కట్టుకున్న మనుషులు, మర్యాదగ మాట్లాడే అధికారులు. బాంబు పడి ఆమె ఇల్లు పోతే మంత్రి భార్య మాగ్దా ఆమెకు ఒక నీలం రంగు సూటు ఇచ్చింది. డెబ్బయి ఏండ్ల తర్వాత గూడ ఆ బట్ట ఎంత మంచిదో ఆమెకు యాదికున్నది.

పని ఏంది? డిక్టేషన్ తీసుకునుడు, టైపు కొట్టుడు, ఫైలు పెట్టుడు, ఫోన్లు ఎత్తుడు. దాంతోపాటు అంకెలు దిద్దుడు! యుద్ధంలో చచ్చిపోయిన జర్మన్ సైనికుల లెక్కను కిందికి గుంజుడు. ఎర్రసైన్యం జర్మన్ ఆడవాళ్ళ మీద చేసిన అత్యాచారాల లెక్కను మీదికి జరుపుడు. ఆ అత్యాచారాలు అబద్ధం కాదు, ఆ చావులూ అబద్ధం కాదు. అబద్ధమల్లా అంకెలోనే ఉన్నది. ఒక అంకె దగ్గర ఇంకో అంకె కొట్టాలంటే మొదటి అంకె తెలిసి ఉండాలె గదా! తెల్వని మనిషి దిద్దలేడు. దిద్దిన మనిషి తెల్వదనలేడు. అయినా ఆమె చివరిదాక అన్న మాట ఒక్కటే. అది తనకు మామూలు కొలువే, లోపల ఏం జరుగుతున్నదో తనకు తెల్వదు!

బీరువాలో పెట్టిన ఫైలు

1943 ఫిబ్రవరి 18. ఒకే రోజు రెండు సంగతులు జరిగినయి. మ్యూనిక్ యూనివర్సిటీలో సోఫీ షోల్, ఆమె అన్న హాన్స్ షోల్ హిట్లర్‌కు వ్యతిరేకంగ కరపత్రాలు వేస్తూ దొరికిపోయిండ్రు. ‘శ్వేత గులాబీ’ అనేది వాళ్ళ బృందం పేరు. సోఫీకి అప్పటికి 21 ఏండ్లు. అదే రోజు బెర్లిన్ స్పోర్ట్‌పలాస్ట్‌లో గోబెల్స్ ‘సంపూర్ణ యుద్ధం’ ఉపన్యాసం దంచిండు. స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సైన్యం లొంగిపోయి నెల కూడ కాలేదు. హాలు హాలంతా లేచి అరిసింది. ఆ హాలులో మంత్రి భార్య వెనుక కుర్చీలో పోమ్సెల్ కూసున్నది.

నాలుగు రోజులకు, ఫిబ్రవరి 22న, సోఫీని, హాన్స్‌ను, వాళ్ళ దోస్తు క్రిస్టోఫ్ ప్రోబ్స్ట్‌ను విచారణ జరిపిన రోజే తల నరికి చంపిండ్రు. ఆ కేసు ఫైలు గోబెల్స్ దఫ్తర్‌కు వచ్చింది. ఒక అధికారి దాన్ని పోమ్సెల్ చేతికిచ్చి, బీరువాలో పెట్టు, లోపల చూడకు అన్నడు. ఆమె పెట్టింది. చూడలేదు. సార్ నా మీద ఇంత నమ్మకం పెట్టిండు, నేను ఆ నమ్మకాన్ని నిలబెట్టిన అని తన మీద తనకే మెప్పు కలిగిందట. ముసలితనంలో కూడ ఆ సంగతిని ఆమె దాచుకోలేదు.

ఉద్యమంలో కరపత్రాలు పంచినోళ్ళం గనుక ఈ కాడ మా పాణం ఆగిపోయింది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, బస్టాండ్లల్ల, అంగట్ల మేం పంచిన కాయితాలు గూడ ఏదో ఒక ఫైలులో పడే ఉంటయి. ఆ ఫైలును ఎవరో ఒకరు బీరువాలో పెట్టే ఉంటరు. మా తలకాయలు పోలేదు, కేసులతోనే బయటపడ్డం. జర్మనీకి, మనకు పోలిక లేదు. ఆ మాట ఇప్పుడే చెప్పుకుందాం. లక్షలమందిని గ్యాసు గదులకు పంపిన ప్రభుత్వానికి, మన ప్రభుత్వాలకు ఒకే తూకం వేసేటంత బుద్ధిలేనోళ్ళం కాదు. మేం పోల్చేది పేషీ అలవాటును. చూడొద్దంటే చూడకపోవుడు, చూడకపోతిమని సంబురపడుడు. ఈ అలవాటుకు దేశం లేదు, జెండా లేదు.

ఆమెకు ఎవ లోవెంతాల్ అని ఎర్రజుట్టు యూదు స్నేహితురాలు ఉండేది. దినదినం పని దొరకక చిక్కిపోయింది. 1943లో మాయమైంది. ఖాళీగ ఉన్న ఊర్లల్ల వాళ్ళను కుదురుస్తున్నరని చెప్తే నమ్మినమన్నది పోమ్సెల్. దేశంలో ప్రతి కబురూ ఏ దఫ్తర్ మీంచి పోతదో ఆ దఫ్తర్లో కూసోని, తన దోస్తు ఎక్కడికి పోయిందో ఆమె అడుగలేదు. బెర్లిన్‌లో హోలోకాస్ట్ స్మారకం 2005లో తెరిచినంక, అరవై ఏండ్ల తర్వాత, అక్కడికి పోయి అడిగింది. ఎవను ఆష్విట్జ్‌కు పంపిండ్రని, పాణం పోయిందని రికార్డులో ఉన్నది. పేరు చెప్తే వెతికి చెప్పేటంత దూరంలనే ఉన్నది నిజం!

పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగుతూ నన్ను ఎవరూ చూస్తలేరు అనుకుంటదట. పోమ్సెల్ ఇంకో మెట్టు ఎక్కింది. కండ్లు మూసుకున్న గనుక పాలు తాగింది నేను కాదన్నది!

ఆమె మాటలో ఉన్న బలం

ఎదుటోని వాదంలో బలం ఉంటే దాన్ని దాచిపెట్టి కొట్లాడుడు ఉద్యమకారుల పద్ధతి కాదు. పోమ్సెల్ వాదంలో బలం ఉన్నది. ఈ కాలపోళ్ళు ‘మేమైతే ఎదిరిస్తుంటిమి’ అంటరు గాని, ఆ రోజుల్లో ఉంటే వాళ్ళలో చానామంది ఎదిరించేటోళ్ళు కాదు అన్నదామె. నేను దోషినైతే ఆ ప్రభుత్వాన్ని గద్దెనెక్కించిన జర్మన్ జనమంతా దోషులే అన్నది.

ఇంకో సంగతి. ఆమె శిక్ష పడకుండ ఏం తప్పించుకోలేదు. సోవియట్ సైన్యం పట్టుకపోయి 1950 దాక ఐదేండ్లు క్యాంపుల్లో పెట్టింది. గోబెల్స్ కింద రేడియో ప్రచారాన్ని నడిపిన పెద్ద అధికారి హాన్స్ ఫ్రిట్చెను 1946లో నూరెంబర్గ్ అంతర్జాతీయ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. తర్వాత జర్మన్ కోర్టు 9 ఏండ్లు శిక్ష వేసినా ఆయన కూడ 1950లోనే బయటికొచ్చిండు. అంటే రేడియోను ఏలినోడు, టైపు కొట్టినామె ఒకే ఏడు ఇంటికి చేరిండ్రు. చిన్నోళ్ళ మీద బరువు ఎక్కువ పడుతదన్న మాట అబద్ధం కాదు.

అయినా మేం ఒప్పుకోం. ఎందుకంటే ‘అందరం దోషులమే’ అనే మాట వినడానికి పెద్దమనసు మాటలెక్క ఉంటది గాని, దాని పని వేరే. అందరి నెత్తిన వేస్తే ఎవని నెత్తినా మిగలదు. ఊరంత కలిసి చేసిన తప్పుకు పంచాయితీ ఉండదు గదా! ఎరువుల దుకాణం నడిపే జర్మన్‌కు, గోబెల్స్ టేబుల్ మీద అంకె దిద్దిన జర్మన్‌కు నడుమ తేడా ఉన్నది. ఒకడు విన్న అబద్ధాన్ని నమ్మిండు. ఇంకొకామె నిజం చూసి అబద్ధం కొట్టింది. మోసపోయినోడు, మోసానికి చెయ్యి కలిపినోడు ఒకటి కాదు. మన దిక్కు ఒక మాట ఉన్నది, దొంగలకు సద్ది మోసుడు అని. సద్ది మోసినోడు కన్నం వెయ్యకపోవచ్చు. కాని దొంగలు ఎటుపోయిండ్రో వానికి తెల్వదంటే ఊర్లె ఎవరు నమ్ముతరు?

క్యాంపు నుంచి వచ్చినంక ఆమె మళ్ళ రేడియోలోనే సెక్రటరీగ చేరింది. 1971లో పదవీ విరమణ దాక చేసింది. ప్రభుత్వం మారింది, దేశం రెండు ముక్కలైంది, ఆమె టేబుల్ మాత్రం మారలేదు. పేషీ బలం అదే. మంత్రులు పోతరు, పేషీ ఉంటది.

మన సీల్డ్ కవర్లు

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికల దఫ్తర్లకు కరెంటు తీసిండ్రు. ఎమర్జెన్సీ వార్త తెల్లారి జనానికి చేరకుండ! ఆ హుకుం ఎట్ల పోయింది? నోటి మాట మీద. తర్వాత షా కమిషన్ విచారణ చేస్తే తేలిన సంగతి అది. సెన్సార్ రోజుల్లో ఇది వెయ్యకండి, అది వెయ్యకండి అని పత్రికలకు ఫోన్లు పోయినయి. ఫోన్ కలిపింది ఎవరు? మంత్రి స్వయంగ డయల్ తిప్పిండా? ఆ పేషీల మనుషుల్లో చానామంది పేర్లు చరిత్ర పుస్తకాల్లో లేవు.

ఇంకా దగ్గరికి వద్దాం. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చింది. 2011 జనవరి 6న దాన్ని బయటపెట్టిండ్రు. ఎనిమిదో అధ్యాయాన్ని మాత్రం సీల్డ్ కవర్లో దాచిండ్రు. మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు పోతే, 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తన తీర్పులో ఆ అధ్యాయం గుట్టు ఇప్పిండు. అందులో ఏమున్నది? చానళ్ళు ఎన్ని, పత్రికలు ఎన్ని, ఎవరు ఎటు దిక్కు అనే లెక్క. పత్రికలు సర్కారు ప్రకటనల పైసల మీద ఆధారపడ్డయి గనుక, ఆ తాడును జాగ్రత్తగ పట్టుకుంటే వార్తలను దారికి తెచ్చుకోవచ్చు అనే అర్థం వచ్చే సలహా. నివేదిక రాసింది మేధావులు. పేరు న్యాయమూర్తిది. లోపల ఉన్నది మాత్రం పేషీ చిట్కా!

ఆ పేజీలను ఎవరో టైపు కొట్టిండ్రు. తప్పులు దిద్దిండ్రు. కవర్లో పెట్టి లక్క వేసిండ్రు. ఉద్యమంలో ఉన్న పోరగాండ్ల పాణాలు పోతున్న రోజులవి. ఆ టైపు కొట్టిన మనిషి ఆ రాత్రి ఇంటికి పోయి అన్నం తిన్నడా? తిన్నడు. తినే ఉంటడు. మాకెట్ల ఎరుక అంటే, మేం గూడ తిన్నం గనుక.

మేం కొట్టిన కాయితం

దాచేది లేదు. డిగ్రీ అయినంక, పత్రికలోకి రాకముందు, కొన్ని నెలలు మేం గూడ ఒక సమాచార అధికారి పేషీలో పనిచేసినం. అవుట్‌సోర్సింగ్ కొలువు. ఏ ఊరు, ఏ ప్రభుత్వం, ఏ అధికారి అనేది చెప్పం. పేరు చెప్తే నేరమంతా ఆ ఒక్కని మీదికి పోతది, మిగిలిన పేషీలన్ని చేతులు కడుక్కుంటయి. ఉద్యమంలో జెండా పట్టిన చేతులే అవి. కీబోర్డు మీద పడ్డంక మెత్తబడ్డయి.

ఒకనాడు పొద్దుగాల పేపర్లో ఒక కౌలు రైతు ఆత్మహత్య వార్త వచ్చింది. సార్ ఖండన పంపాలన్నడు. కింది దఫ్తర్ నుంచి వివరాలు ఫోన్లో వచ్చినయి, రాసుకున్నది మేమే. ఐదెకరాల కౌలు, రెండేండ్లు పంట పోయింది, వడ్డీ వ్యాపారికి అప్పు, భార్య పుస్తె కుదువ. మా చేతిరాతతో ఒక కాయితం నిండింది. సార్ చదివిండు. ‘ఇదంతా ఎందుకు తమ్మీ, ఏదన్న మెత్తగ రాయి. నీ తెలుగు మంచిగుంటది’ అన్నడు.

ఆయన అబద్ధం చెప్పలేదు, గమనించండి. మెత్తగ రాయమన్నడు. మాట వెతికింది మేము. ‘సదరు వ్యక్తి పేరు మీద భూమి లేదు. వ్యక్తిగత కారణాలతో మృతి చెందినట్లు ప్రాథమిక సమాచారం.’ రెండు వాక్యాలు. రెండింట్ల ఏదీ పట్టుకుంటే దొరికే అబద్ధం కాదు. కౌలు రైతు గనుక పట్టా ఆయన పేరు మీద లేదు. అప్పు ఆయన వ్యక్తిగతమే! సార్ భుజం తట్టిండు. చేతిరాత కాయితం చెత్తబుట్టలో పడ్డది. తెల్లారి పేపర్లల్ల మా వాక్యం కామా కూడ మారకుండ అచ్చయింది. సిగ్గు లేకుండ చెప్తున్నం, దాన్ని చూసి లోపల కొంచెం సంబురమైంది. బీరువా దగ్గర నిలబడ్డ పోమ్సెల్ సంబురం అదే.

ఆ రెండు వాక్యాల ఖరీదు ఎంతో అప్పుడు మాకు ఎరుక లేదు అనలేం. 2004లో వచ్చిన జీవో 421 కింద ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర. 2015లో జీవో 194తో తెలంగాణలో అది 6 లక్షలయింది. రావాలంటే విచారణ జరగాలె, ఆయన రైతేనని, అప్పుల బాధతోనే పోయిండని తేలాలె. విచారణ జట్టు ఊరికి పోకముందే సర్కారు పేరు మీద మా కాయితం తీర్పు చెప్పింది. ఆ కాయితం పట్టుకొని మండల దఫ్తర్ చుట్టూ తిరిగేటప్పుడు ఆ ఇంటామెకు ‘వ్యక్తిగతం’ అనే మాట ఎవరు చెప్పిండ్రో, ఎట్ల చెప్పిండ్రో!

సార్ చెడ్డోడా? కాదు. మా అమ్మకు పాణం బాగలేకపోతే దవాఖానకు ఫోన్ చేసి మంచం ఇప్పిచ్చిండు. దసరాకు బట్టలు పెట్టిండు. అందుకే ఎదురు చెప్పలేకపోయినం. భయపెట్టేటోనికి ఎదురు చెప్పుడు ఉద్యమంలో నేర్చుకున్నం. మంచిగ చూసుకునేటోనికి ఎదురు చెప్పుడు మాకు ఎవ్వరూ నేర్పలేదు. ఆ కొలువు మేం వదిలెయ్యలేదు. కాంట్రాక్టు అయిపోయింది. త్యాగం చేసినమని చెప్పుకుంటే అది ఇంకో ప్రెస్ నోట్ అయితది.

తర్వాత విలేకరులమయినం. రాత్రి ఎనిమిది దాటినంక, పేజీ పోయే టైముకు, అసొంటి నోట్లే వాట్సాప్‌లో వస్తుంటయి. మేం ఏం చేసినం? ‘అధికారులు తెలిపారు’ అని చివర తగిలించి పెట్టేసినం. ఒక్కసారి కాదు, వందసార్లు. పేషీలో మొదలైన అబద్ధం మా డెస్కుల మీద పూర్తయింది. గోబెల్స్‌కు ఒక్క సెక్రటరీ చాలలేదు. మన సార్లకు మేమందరం జీతం లేని సెక్రటరీలం.

ఇంకో దఫ్తర్, ఇంకో అమ్మాయి

ఎదిరించినోళ్ళు ఎవరన్న ఉన్నరా అని అడుగుతరు. ఉన్నరు. 1983లో లండన్‌లో విదేశాంగ మంత్రి ప్రైవేటు ఆఫీసులో సారా టిస్డాల్ అనే గుమస్తా ఉండేది. 23 ఏండ్ల పిల్ల. అమెరికా క్రూయిజ్ క్షిపణులు బ్రిటన్‌కు ఎప్పుడు దిగుతయి, ఆ సంగతిని పార్లమెంటుకు, జనానికి ఎట్ల చెప్పి తప్పుకోవాలె అని రక్షణ మంత్రి మైఖేల్ హెసెల్టైన్ రాసిన కాయితాలు ఆమె టేబుల్ మీదికొచ్చినయి. పోమ్సెల్‌కు వచ్చిన పరీక్షనే. ఈ పిల్ల చదివింది. ప్రజలకు తెలువాల్సిన సంగతి ఇది అనుకున్నది. జిరాక్స్ తీసి గార్డియన్ పత్రికకు ఇచ్చింది.

పత్రిక వార్త వేసింది. ప్రభుత్వం కోర్టుకు పోయింది. కోర్టు కాయితాలు ఇచ్చెయ్యమన్నది. పత్రిక ఇచ్చేసింది! ఆ కాయితాల మీది గుర్తులతో ఆమె దొరికింది. 1984లో ఆరు నెలల జైలు శిక్ష పడ్డది. మంత్రి మంత్రిగనే ఉన్నడు, పత్రిక పత్రికగనే ఉన్నది, గుమస్తా జైలుకు పోయింది.

ఈ కథలో మాకు రెండు పాఠాలు కనబడ్డయి. ఒకటి, టేబుల్ ముందు కూసున్న చిన్న కొలువు మనిషి తలచుకుంటే చూడగలుగుతడు, చదవగలుగుతడు, చెప్పగలుగుతడు. కనుక ‘మేం యంత్రాలం’ అనే మాట అబద్ధం. రెండోది మా మొఖం మీద కొట్టే పాఠం. పేషీలో ఒకరు ధైర్యం చేస్తే వాళ్ళను కాపాడే దమ్ము పత్రికకు ఉండాలె. అది లేకుండ పేషీలోళ్ళను తిట్టే హక్కు మాకు లేదు.

మేం అడిగేది ఇంతే

పేషీలల్ల ఉన్న అన్నలారా, అక్కలారా! మిమ్మల్ని కొలువులు వదిలి రోడ్ల మీదికి రమ్మంటలేం. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి, ముసలోళ్ళ మందులు మాకు ఎరుక లేనివి కాదు. జైలుకు పొమ్మంటలేం. మీకు చేతనయ్యే నాలుగు పనులు అడుగుతున్నం.

అంకె దిద్దకండి. సార్ దిద్దాలనుకుంటే సార్ తన చేతితోనే దిద్దనియ్యండి. చావును చావు అని రాయండి, అప్పును అప్పు అని రాయండి. మెత్తటి మాటను వెతికి ఇచ్చే పని మీ జీతంలో లేదు.

నోటి మాట మీద నడువకండి. పై అధికారి హుకుం రాతపూర్వకంగ ఉండాలె, నోటితో చెప్తే తర్వాత రాసి ఖాయం చెయ్యాలె అని కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి మూడో నియమమే చెప్తున్నది. అట్ల రాసియ్యమని అడిగే బాధ్యత కింది ఉద్యోగి మీద గూడ పెట్టింది. ‘సార్, ఒక్క లైను రాసియ్యండి’ అని అడుగుడు తిరుగుబాటు కాదు, నియమమే. చానా అబద్ధాలు ఆ ఒక్క లైను దగ్గరనే ఆగిపోతయి. ఎందుకంటే రాసియ్యడానికి ఏ సారూ సాహసించడు!

మొదటి కాయితాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి. ఫైలులో ఉంచండి. 2005 సమాచార హక్కు చట్టం వచ్చినంక ఫైలు అడిగే హక్కు ఆ రైతు భార్యకు గూడ ఉన్నది. ఆమె అడిగిన నాడు ఫైలులో నిజం ఉంటే చాలు. మేం పారేసినం గనుకనే చెప్తున్నం.

చూడొద్దన్న ఫైలు చేతికొస్తే, ఎందుకు చూడొద్దంటున్నరో ఒక్కసారి మిమ్మల్ని మీరు అడగండి. అడిగి గూడ బీరువాలో పెట్టొచ్చు. కాని ‘నాకు తెల్వదు’ అనే మాట మాత్రం ఇంక మీ నోట రావొద్దు.

విలేకరి దోస్తులకు గూడ ఒక మాట. ప్రెస్ నోట్ వార్త కాదు, వార్త దొరికే చోటు. ‘వ్యక్తిగత కారణాలు’ అని వస్తే ఆ ఇంటికి ఒక్క ఫోన్ చెయ్యండి. ఒక్కటే ఫోన్. మేం చెయ్యని ఫోన్ అది.

2014 జూన్ 2 నాడు దఫ్తర్ల బోర్డులు మారినయి. పటాకులు కాల్చినం, ఏడ్చినం, అలయ్‌బలయ్ తీసుకున్నం. మన రాష్ట్రం మనకొస్తే మన సర్కారు మనతో నిజం మాట్లాడుతదనుకున్నం. బోర్డులు మారినా పేషీలో టేబుల్ మారలేదు. తర్వాత గద్దెలు గూడ మారినయి, టేబుల్ మారలేదు. సర్కారు ఏదైనా, రంగు ఏదైనా, మెత్తటి తెలుగు రాసే పోరడు ఒకడు కావాలె, వాడు దొరుకుతనే ఉన్నడు. ఒకప్పుడు మేం దొరికినం.

పోమ్సెల్‌కు ఎవ గురించి అడగడానికి అరవై ఏండ్లు పట్టింది. మేం రాసిన ఆ కౌలు రైతు పేరు మాకు ఇంకా యాదికున్నది. ఊరు గూడ యాదికున్నది. ఇన్నేండ్లయినా ఆ ఇంటికి పోలేదు. ఈ పత్రిక మీ చేతికి వచ్చే వారం మేం పోతున్నం. ఆ ఇంటామెకు ఏం చెప్పాలెనో ఇంకా సమజ్ అయితలేదు. ‘మేం టైపే చేసినం’ అని మాత్రం అనం.